మగ్గిన పొగాకు

షిప్పు మీద పనిచేసే మా బావ పోయిన ఏడాది సెలవుకి వచ్చినప్పుడు చిన్న చెక్కపెట్టెలో ఐదు సిగార్లు తెచ్చాడు. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వీటిని మదురో అంటారు. గార దగ్గర మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉన్న మామ్మకి ఒకటి ఇస్తే వెలిగించలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూసి, "ఇది ఉత్తినే ఎండబెట్టింది కాదురా, మగ్గబెట్టింది" అని తిరిగి ఇచ్చేసింది. మదురో అన్న స్పానిష్ మాటకి అర్థం అదే, మగ్గినది అని. ఆవిడ చిన్నప్పటి నుంచీ చుట్టలు చుట్టిన మనిషి లెండి.

నలుపు చూసి చాలామంది ఇది మహా ఘాటు అనుకుంటారు, నేనూ అనుకున్నా. కానీ ఘాటు వచ్చేది పొగాకు రకాన్ని బట్టి, ఆకు మొక్కకి పైన కాసిందా కింద కాసిందా అన్నదాన్ని బట్టి. నలుపు మాత్రం వేడీ కాలమూ కలిసి చేసిన పని. మన వంటింట్లో చింతపండునే చూడండి, కొత్తది ఎర్రగా ఉంటుంది, అదే జాడీలో రెండేళ్ళు ఉంటే నల్లగా అయిపోతుంది, ఎవరూ రంగు వెయ్యరు. అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు మెల్లగా కలిసి గోధుమ రంగు పదార్థాలు తయారవుతాయి. 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వర్ణించిన చర్య ఇది. వేరుశనగలు వేయించినప్పుడు, కాఫీ గింజలు మాడుతున్నప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ నిమిషాల్లో అయిపోతుంది, పొగాకులో నెలలు పడుతుంది.

మదురోకి మందమైన ఆకు కావాలి, పల్చటిదైతే ఆ వేడికి చిరిగి పీలికలైపోతుంది. అందుకే అమెరికాలో కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్, మెక్సికోలో శాన్ ఆండ్రెస్ లోయ ఆకు దీనికి పేరుపడ్డాయి. ముందు నీడన వేలాడదీసి ఆరబెడతారు, ఆకు ఇంకా ప్రాణంతో ఉండగానే దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. తర్వాత కొంచెం తడి చేసి మనిషెత్తు కుప్పలు వేస్తారు. తడి ఆరని గడ్డికుప్పలో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి తెలుసు లోపల ఎంత కాలుతుందో. గత్తం కుప్పలోనూ అంతే. పొగాకు కుప్పలోనూ బ్యాక్టీరియా, ఆకులోని ఎంజైములు కలిసి ఆ వేడి పుట్టిస్తాయి. మామూలు ఆకుకైతే 45 డిగ్రీల దగ్గర కుప్ప తిరగేసేస్తారు గానీ మదురోకి దాదాపు 60 దాకా పోనిచ్చి, అప్పుడు లోపలి ఆకు బయటికీ బయటిది లోపలికీ మారుస్తారు, ఇలా నెలల తరబడి. ఈ మధ్యలో కుప్ప దగ్గరికి వెళ్తే కళ్ళు మండుతాయి, గొడ్లసాలలో పొద్దున్నే వచ్చే ఆ అమ్మోనియా ఘాటే. అది పోయేకొద్దీ, నికోటిన్ కూడా కొంత తగ్గేకొద్దీ, పొగలో కరుకుదనం తగ్గుతుంది. తొందరున్నవాళ్ళు ఆకుని ఆవిరి పట్టి, రంగు పూసి కూడా నల్లగా చేస్తారు. అలాంటిది పెదాలకి రంగు అంటించేస్తుంది.

బావ వెలిగించి ఇస్తే నేను రెండు మూడు దమ్ములు లాగాను. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదిలెయ్యాలి. మొదట కాఫీ పొడి వాసన, వెనకాలే మాడిన బెల్లం పాకం. కాఫీకి ఆ వాసన ఇచ్చే పైరజీన్లు మదురోలోనూ ఉంటాయి కాబట్టి ఇదేమీ భ్రమ కాదు. పొగ మింగకపోతే నికోటిన్ ఎక్కదనుకోవడం మాత్రం భ్రమే. సిగార్ పొగకి క్షారగుణం ఎక్కువ, అలాంటి పొగలోని నికోటిన్ బుగ్గల లోపలి చర్మం నుంచే రక్తంలోకి పోతుంది. ఐదు నిమిషాల్లో నాకు తల తిరిగింది.

మిగిలినవి దాచితే ఇంకా బాగుంటాయని బావ టెన్షన్ పెట్టేశాడు. దాచడానికి 65 నుంచి 70 శాతం తేమ, 20 డిగ్రీల దగ్గర వేడి ఉండాలి. ఆ పెట్టెలు చేసే చెక్కని స్పానిష్ సెడార్ అంటారు గానీ అది నిజం దేవదారు కాదు, మన వేపచెట్టు కుటుంబానిది. సరే, వంశధార సముద్రంలో కలిసే చోట, కళింగపట్నం గాలికి, మే నెలలో 20 డిగ్రీలు ఎక్కడినుంచి తెస్తాం? బీరువాలో పెట్టాను. రెండు నెలలకి తీసి చూస్తే ఒక సిగార్‌కి సూదితో గుచ్చినట్టు గుండ్రటి కన్నాలు, కింద గోధుమ రంగు పొడి. లాసియోడెర్మా అనే పొగాకు పెంకు పురుగు. పసుపు కొమ్ముల్లో, ధనియాల్లో పడేది కూడా ఇదే. గుడ్లు ఆకులోనే ఉండి వేడి తగిలితే పొదుగుతాయి. మిగిలిన మూడూ సంచిలో కట్టి డీప్‌ఫ్రీజర్‌లో రొయ్యల పక్కన పడేశాను. మా ఆవిడ ఇంకా ఊరుకోలేదు.

నన్నడిగితే మదురోని ఏళ్ళ తరబడి దాచడం దండగ, మగ్గాల్సింది ముందే మగ్గిపోయింది, ఆపైన వాసన చప్పబడటమే. ఇంకో సంగతి, మగ్గితే రుచి మెత్తబడుతుంది గానీ విషం మెత్తబడదు. కుప్పలో పనిచేసే కొన్ని బ్యాక్టీరియాలు నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి, అది నికోటిన్‌తోనూ దాని చుట్టాలతోనూ కలిసి నైట్రోసమైన్లు అవుతుంది, అవి క్యాన్సర్ కారకాలు.

ఆ మాటకొస్తే ఈ విషయంలో మా జిల్లాకి ప్రపంచంలోనే పేరుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మీద డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన ఫాలీ మెహతా వాళ్ళు కలిసి 10,169 మంది పల్లెజనం నోళ్ళు పరీక్షించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. దెబ్బంతా అంగిలి మీదే పడుతుంది. అది చదివాక ఫోన్ టార్చ్ వేసి మామ్మ నోరు చూశాను. అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, దాని మీద ఆవగింజలంత ఎర్రటి చుక్కలు. "చిన్నప్పట్నుంచీ అలాగే ఉందిరా, ఏటవుద్ది" అంది. సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తున్నాను.