పనామా కాలువ: ఆ సంతకం ఎవరిది?

2025 జనవరి 20న, ప్రమాణ స్వీకారం చేసిన రోజే, పనామా కాలువను వెనక్కి తీసుకుంటామన్నారు ట్రంప్. పనామాకు ఇస్తే చైనా నడుపుతోందని ఆయన ఫిర్యాదు. ఈ గొడవ ఎప్పుడు లేచినా అందరూ 1977 దగ్గరే ఆగిపోతారు, అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఒప్పందాలు చేసుకుని కాలువను పనామాకు ‘ఇచ్చేశాడు’ కాబట్టి. అసలు అమెరికా చేతికి ఎలా వచ్చిందో తెలియాలంటే 1903 నవంబర్‌కు వెళ్లాలి. అంతకుముందు కాలువ తవ్వబోయిన ఫ్రెంచివాళ్ల దివాలా, దోమలు, పచ్చజ్వరం తెలిసిన కథే, వదిలేద్దాం.

అప్పటికి పనామా కొలంబియాలో భాగం. కోటి డాలర్ల రొక్కం, ఏటా 2,50,000 డాలర్లు, 100 ఏళ్ల లీజు, సుమారు 6 మైళ్ల వెడల్పు నేల: కాలువ కోసం అమెరికా కుదుర్చుకున్న ఈ బేరాన్ని ఆగస్టులో కొలంబియా సెనేట్ తోసిపుచ్చింది. నవంబర్ 3న పనామా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. తీరంలో అమెరికా యుద్ధనౌక కాపలా ఉంది. మూడు రోజులకే వాషింగ్టన్ గుర్తింపు కూడా ఇచ్చేసింది.

కొత్త దేశం తరఫున బేరానికి కూర్చున్నది ఫిలిప్ బునో వరీయా. పనామావాడు కాదు, ఫ్రెంచి ఇంజినీరు. హక్కులు, ఆస్తులు అమ్మితే అమెరికా నుంచి 4 కోట్ల డాలర్లు రావాల్సిన ఫ్రెంచి కాలువ కంపెనీలో ఆయనకు వాటా ఉంది. తిరుగుబాటుకు డబ్బు సర్దుతానని చెప్పి రాయబారి పదవి అడిగి తీసుకున్నాడు. పనామా నుంచి అసలు ప్రతినిధులు బయల్దేరారని తెలిసి తొందరపడ్డాడు. నవంబర్ 18 సాయంత్రం వాషింగ్టన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ హే ఇంట్లో సంతకాలైపోయాయి. ఆ రాత్రే రైలు దిగిన ప్రతినిధులకు స్టేషన్‌లో ఎదురెళ్లి కబురు చెప్పింది కూడా బునో వరీయానే.

డబ్బు కొలంబియాకు ఇస్తామన్నంతే. నేల మాత్రం 10 మైళ్లయింది, 100 ఏళ్లు కాస్తా ‘శాశ్వతం’ అయ్యాయి. పైగా ఆ ప్రాంతానికి తానే సార్వభౌమురాలైతే ఉండే హక్కులన్నీ అమెరికాకే. పనామా దేశభక్తుడెవరైనా అభ్యంతరపెట్టే అంశాలు ఇందులో చాలా ఉన్నాయని హే స్వయంగా ఒక సెనేటర్‌కు రాశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కట్టింది మా డబ్బుతో అన్నది అమెరికా వాదన. నిజమే. చెమట, ప్రాణాలు మాత్రం ఎక్కువగా బార్బడోస్, జమైకా లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కూలీలవి.

1964 జనవరి 9న కాలువ జోన్‌లోని (అమెరికా ఏలుబడిలో ఉన్న ఆ 10 మైళ్ల నేల) బాల్బోవా హైస్కూల్ ముందు అమెరికా జెండా పక్కన తమ జెండా కూడా ఎగరేస్తామని పనామా విద్యార్థులు వచ్చారు. తోపులాటలో ఆ జెండా చిరిగింది. తర్వాతి అల్లర్లలో 20 మందికి పైగా పనామావాసులు, నలుగురు అమెరికా సైనికులు చనిపోయారు. పనామా దౌత్య సంబంధాలు తెంచుకుంది. 1977 ఒప్పందాలకు దారి పడింది అక్కడే, కార్టర్ మెతకదనం వల్ల కాదు. కాలువ పూర్తిగా చేతికొచ్చింది 1999 డిసెంబర్ 31న. పెద్ద ఓడల కోసం 2016లో తెరిచిన కొత్త లాకులు (ఓడల్ని నీటితో ఎత్తి దించే గదులు) పనామా కట్టించుకున్నవే.

ఇక చైనా మాట. కాలువ రెండు చివర్లా ఉన్న రేవుల్ని 1997లో కాంట్రాక్టు పొంది నడిపింది హాంకాంగ్ కంపెనీ. ఓడల్ని దాటించేది, టోల్ వసూలు చేసేది పనామా కాలువ అథారిటీ. ఈ రెండింటినీ కలిపేస్తేనే ట్రంప్ వాదన నిలబడుతుంది. 1977 ఒప్పందాల్లో ఒకటైన తటస్థత ఒప్పందం ప్రకారం టోల్ అన్ని దేశాలకూ ఒకే పద్ధతి, అమెరికా యుద్ధనౌకలకైనా అత్యవసరంలో క్యూలో ముందుకెళ్లే వెసులుబాటే తప్ప ఫ్రీ కాదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ తమ ప్రభుత్వ నౌకలకు ఇక ఫీజు ఉండదని ప్రకటించేసింది. అది అబద్ధమని మర్నాడే తేల్చిచెప్పారు పనామా అధ్యక్షుడు ములీనో.