పొర మీద పొర

విరిగిన పాలను పల్చటి గుడ్డలో పోస్తే మొదట తేటనీరు ధారగా కారుతుంది. రెండు నిమిషాలకు చుక్కలవుతుంది. గట్టిగా పిండితే కాస్త కారి మళ్లీ ఆగిపోతుంది. అప్పుడు గుడ్డ లోపలి వైపు చెంచాతో గీకి చూడండి, ధార మళ్లీ మొదలవుతుంది. డెయిరీల్లో వడపోత పొరలను రోజూ వేధించే సమస్య ఇదే.

పది లీటర్ల పాలతో చీజ్ చేస్తే సుమారు తొమ్మిది లీటర్ల తేట మిగులుతుంది. అందులో ప్రోటీన్ నూటికి ఒక వంతు కూడా ఉండదు. దాన్ని పట్టుకునేది అల్ట్రాఫిల్ట్రేషన్. కొన్ని నానోమీటర్ల రంధ్రాలున్న పాలిమర్ పొర నీటినీ, లాక్టోజ్ అనే పాల చక్కెరనూ, లవణాలనూ వదిలేసి ప్రోటీన్‌ను ఆపుతుంది. పాలనే ఇలా వడకట్టి చీజ్ చేసే పద్ధతికి 1969లో ఫ్రాన్స్‌లో మోబ్వా, మోకో, వస్సాల్ పేటెంట్ తీసుకున్నారు.

తేటలోని ప్రోటీన్లలో దాదాపు సగం బీటా-లాక్టోగ్లోబ్యులిన్. దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. వేడి 70 డిగ్రీల ప్రాంతానికి చేరితే ఆ ఉండ విప్పుకుని, లోపల దాగిన గంధకపు కొస బయటపడి పక్క అణువును పట్టేస్తుంది. పాలగిన్నెకు అడుగంటే తెల్లటి అట్టలో ఉండేదీ ఇదే. వడపోత అంత వేడిలో జరగదు, అయినా ఈ ప్రోటీన్ పొరకు అతుక్కుంటుంది. పాలలోని కాల్షియం రెండు ప్రోటీన్ల మధ్య జిగురులా పనిచేస్తుంది. అట్ట కట్టాక అసలు వడపోత ఆ అట్టే చేస్తుంది, దాటాల్సినవాటిని కూడా అడ్డుకుంటుంది.

ఒత్తిడి పెంచితే ప్రోటీన్ ఇంకా వేగంగా వచ్చి పొరకు చేరుతుంది, అట్ట ఇంకా బిగుస్తుంది. నాకు ఈ సంగతిలో బాగా నచ్చేది ఇక్కడే: తెలిసినవాళ్లు తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, పాలను పొరకు ఎదురుగా నెట్టకుండా దాని వెంబడి జోరుగా పారిస్తారు. చెంచా చేసిన పని ఆ ప్రవాహం చేస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా కడగక తప్పదు. కాస్టిక్ సోడా ప్రోటీన్‌ను ఉబ్బించి కరిగిస్తుంది, నైట్రిక్ ఆమ్లం కాల్షియం లవణాలను తీస్తుంది. మొండి అట్టకు ప్రోటీన్‌ను కొరికే ఎంజైములు వాడతారు. ఇందుకు నీళ్లూ, కరెంటూ, గంటల సమయమూ పోతాయి. పొరను చాపలా గొట్టంలో చుట్టేసి ఉంచుతారు కాబట్టి విప్పి చూడటానికి వీల్లేదు. మంచినీళ్లు పంపి, అవి ఎంత జోరుగా దాటుతున్నాయో కొలుస్తారు. కొత్త పొరలో నమోదైన అంకెకు దగ్గరగా వస్తేనే మళ్లీ పాలు వదులుతారు.