దవడ ఎముక కొలతలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: గుర్తు తెలియని అస్థిపంజరం కింది దవడ కొలిస్తే ఆడో మగో తేలిపోతుంది.

ఎముకలు పరీక్షించే నా పనిలో దర్యాప్తు అధికారుల నోట, లాయర్ల నోట ఈ మాట విన్నాను. తప్పిపోయిన మనిషి కోసం వెతుకుతున్న కుటుంబాల నోట ఇంకా ఎక్కువగా విన్నాను. మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చేయవు.

వాస్తవం: కొలతలు ఇచ్చేది అంచనా మాత్రమే. సగటున పురుషుల దవడలో రేమస్ (దవడ వెనుక నిలువుగా పైకి లేచే భాగం) ఎత్తు, రెండు గోనియన్ల (చెవుల కింది దవడ మూలల) మధ్య వెడల్పు ఎక్కువ. అయితే దృఢమైన దవడ గల స్త్రీలు, సన్నని దవడ గల పురుషులు ఎక్కడైనా ఉంటారు. కొలతల్ని సూత్రంలో వేస్తే ఒక స్కోరు వస్తుంది. అది విభజన బిందువుకు ఇటు పడితే పురుషుడు, అటు పడితే స్త్రీ. వెంట్రుకవాసి తేడాతో పడినా సూత్రం ఏదో ఒక జవాబు చెప్పి తీరుతుంది. అందుకే సంభావ్యత రాయని నివేదికను నేను నమ్మను. సరిహద్దులో పడిన ఎముకకు ‘అనిశ్చితం’ అని రాయాలి.

పైగా ఆ సూత్రం ఎవరి ఎముకల నుంచి పుట్టింది? 1964లో యూజీన్ జైల్స్ అనే మానవశాస్త్రవేత్త అమెరికన్ల దవడలతో రూపొందించిన సూత్రాల కచ్చితత్వం సుమారు 85 శాతం. అంటే నూటికి పదిహేను పొరపాట్లు. వాటినే తీసుకెళ్లి చిన్న శరీరాలు గల మరో జనాభాకు వాడితే ఎందరో పురుషులు స్త్రీల లెక్కలో పడిపోతారు. లింగం తప్పయితే అసలు మనిషి పేరు మొదటి వడపోతలోనే పోతుంది. ఆ తర్వాత వయసు, ఎత్తు, పళ్ల రికార్డులు ఎంత శ్రద్ధగా సరిపోల్చినా అదంతా వేరేవాళ్ల జాబితాలో వెతుకులాటే.

ఒక తండ్రి గుర్తొస్తున్నారు. కొడుకు కనబడక నెలలు గడిచాయి. ‘దవడ ఆడమనిషిదట’ అని ఎవరో చెబితే, డీఎన్ఏ పరీక్షకు రక్త నమూనా ఇవ్వకుండానే వెళ్లిపోబోయారు. నివేదికలో ఉన్నది ‘స్త్రీ కావచ్చు’ అని, పక్కనే తక్కువ సంభావ్యత. కూర్చోబెట్టి ఆ వాక్యం చదివి వినిపించాను. ఆయన నమూనా ఇచ్చి వెళ్లారు. ఇలాంటి పుకార్లు మోసేవాళ్ల మీద నాకు సహనం లేదు. వాటిని నమ్మిన తల్లిదండ్రులను మాత్రం ఏమీ అనలేను. ఆ ఎముక తమ బిడ్డది కాకూడదనే ఆశ వాళ్లది. దయచేసి, దవడ గురించి ఏం విన్నా డీఎన్ఏ నమూనా ఇవ్వడం మానకండి.

అపోహ: రేమస్ వెనుక అంచు వంగి ఉంటే పురుషుడే.
1996లో లోథ్, హెన్నెబర్గ్ అనే పరిశోధకులు దీనికి 94 శాతం కచ్చితత్వం చెప్పారు. తర్వాత పరీక్షించిన ఇతరులకు అంత రాలేదు.

అపోహ: దవడ కోణం ఒక్కటి చాలు.
చాలదు. స్త్రీ పురుషుల కోణాలు చాలావరకు కలిసిపోతాయి. పళ్లు ఊడిపోయిన దవడలో పంటి గట్టు అరిగి, గడ్డం ఎత్తు కూడా నమ్మదగినది కాకుండా పోతుంది.

అపోహ: పిల్లల దవడతోనూ చెప్పవచ్చు.
యౌవనానికి ముందు ఈ కొలతలపై ఆధారపడకూడదు.

అపోహ: ఎక్స్‌రేలో కొలిచినా ఒకటే.
ఓపీజీలో (దవడలు, పళ్లన్నీ ఒకే బొమ్మలో చూపే ఎక్స్‌రేలో) బొమ్మ పెద్దదిగా పడుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఎముకపై కాలిపర్‌తో తీసిన కొలతల సూత్రంలో ఆ అంకెలు వేయకూడదు.

అపోహ: అన్నిటికన్నా దవడే మంచి ఆధారం.
గట్టి ఎముక కాబట్టి మిగులుతుంది, అందుకే మా చేతికి తరచూ వస్తుంది. పెద్దవాళ్ల కటి ఎముక దొరికితే మాత్రం ముందు దాన్నే చూస్తాం.