21 రోజుల ఇంజెక్షన్: గోదావరి డెల్టాలో రుమాటిక్ జ్వరం వెనక కథ

గుండె వాల్వు జబ్బు ఉన్న పిల్లల్ని పెంచుతున్న కోనసీమ తల్లిదండ్రులకు ఒక తంటా ఉంది. మూడు వారాలకొకసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజెక్షన్ చేయించాలి. మందు ఖరీదు పెద్దదేం కాదు, చేసేవాళ్లే దొరకరు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు తన వల్ల కాదంటాడు. పక్క టౌన్లో నర్సింగ్ హోమ్‌కి వెళితే "రియాక్షన్ వస్తే మా మీదకొస్తుంది, రాసిన డాక్టర్ దగ్గరే చేయించుకోండి" అంటారు. ఆ రాసిన డాక్టరేమో కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉంటాడు. వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి, పిల్ల బడి మానాలి. గోదావరి పొంగి లంకలకు పడవలు ఆగిపోయిన వారాల్లో ఆ దారి కూడా ఉండదు. నాలుగైదుసార్లు తప్పాక చాలామంది పూర్తిగా మానేస్తారు. పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది కాబట్టి మానడం తప్పనిపించదు.

వాల్వును ఇలా పాడుచేసే రుమాటిక్ జ్వరాన్ని మందుతో ఆపవచ్చని 1950లోనే తేలిపోయింది. డబ్బూ శ్రద్ధా మాత్రం ఇన్నేళ్లూ వాల్వు పాడయ్యాక చేసే ఆపరేషన్ వైపే వెళ్లాయి. అదెలా జరిగిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు జబ్బు సంగతి. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల పిల్లలకి గొంతు నొప్పి వస్తుంది. అది తగ్గిన రెండు మూడు వారాలకి కొందరిలో మళ్లీ జ్వరం వచ్చి, మోకాలు వాస్తుంది. రెండు రోజులకి మోకాలు తగ్గి చీలమండ పట్టుకుంటుంది, తర్వాత మోచెయ్యి. బాక్టీరియాతో పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న రక్షణ వ్యవస్థ తన సొంత కణజాలాన్నే శత్రువనుకోవడం వల్ల వచ్చే తిప్పలివి. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు వస్తుంది. కీళ్ల వాపు కొన్ని వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది, గుండె వాల్వుకి తగిలిన దెబ్బ పోదు. ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ 19వ శతాబ్దంలో ఈ జబ్బు కీళ్లను నాకుతుంది, గుండెను కొరుకుతుంది అని రాశాడు. కొందరు పిల్లల్లో చేతులూ ముఖమూ వాటంతటవే అదురుతాయి. చేతిలోంచి పలక జారిపోతే బళ్లో దెబ్బలు పడతాయి, ఇంట్లోనేమో దిష్టి తీస్తారు. దీన్ని ఇంగ్లాండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు 17వ శతాబ్దంలోనే వర్ణించాడు.

డెల్టాలో ఈ జబ్బు కనపడకుండా పోవడానికి వేరే కారణాలు కూడా తోడయ్యాయి. ఇక్కడ కాలు వాచి జ్వరమొస్తే మొదట తలపుకొచ్చేది ఫైలేరియా. తరాలుగా బోదకాలు చూసిన నేల మరి. కీళ్ల నొప్పులతో జ్వరమొస్తే చికున్‌గున్యా గుర్తొస్తుంది. అది 1965లోనే రాజమండ్రి, కాకినాడల్లో కనిపించింది, 2006లో రాష్ట్రమంతా చుట్టేసింది. ఇవేవీ కాకపోతే 'వాతం' ఉండనే ఉంది. పదేళ్ల పిల్లకు మోకాలు వాస్తే ఒక నొప్పుల ఇంజెక్షన్ వేస్తారు, మర్నాటికి తగ్గుతుంది. ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారే అసలు లక్షణం అక్కడే మాసిపోతుంది. పదేళ్ల తర్వాత ఆ పిల్లే ఆయాసంతో వచ్చినప్పుడు చిన్నప్పటి జ్వరం సంగతి అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

దేశంలో మొదట పెద్ద వైద్యులే ఈ జబ్బు ఇక్కడ లేదన్నారు. 20వ శతాబ్దం మొదట్లో కలకత్తాలో పోస్ట్‌మార్టం రికార్డులు చూసిన లియొనార్డ్ రోజర్స్, రుమాటిక్ జ్వరం ఉష్ణదేశాల్లో అరుదని చెప్పాడు. చలిదేశాల జబ్బు అన్న ఆ మాట దశాబ్దాలు నిలబడింది. 1930లలో దక్షిణాదిన పి. కుటుంబయ్య లాంటి వైద్యులు తమ దగ్గరికొచ్చిన పిల్లల్నే ఆధారంగా చూపి దాన్ని కాదన్నారు. 1963లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసం ఇంకా గట్టిది. సుజయ్ రాయ్ బృందం రాసిన ఆ వ్యాసంలో ఒక రచయిత వి. రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, తర్వాత ఎయిమ్స్ డైరెక్టరూ ఐసీఎంఆర్ అధిపతీ అయిన పాథాలజిస్టు ఆయన. వాల్వు కుదించుకుపోవడానికి పాశ్చాత్య దేశాల్లో 20, 30 ఏళ్లు పడుతుంటే, ఇక్కడ ఇరవై ఏళ్లు నిండని పిల్లల్లోనే తీవ్రంగా కనపడుతోందని ఆ వ్యాసం చెప్పింది. అంటే మన దగ్గర జబ్బు ఉండటమే కాదు, ఇంకా వేగంగా ముదురుతోంది కూడా. ఇరుకు ఇళ్లు, ఒకే గదిలో పది మంది నిద్ర, మళ్లీ మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకి నీళ్లొచ్చాయి, పంటలొచ్చాయి. కూలి జనం గుడిసెల్లో గదులు మాత్రం పెరగలేదు.

ఇక అసలు రుజువు ఎక్కడ దొరికిందో చూద్దాం. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో ఫ్రాన్సిస్ ఇ. వారెన్ వైమానిక స్థావరం. బారకాసుల్లో కుర్రాళ్లు ఇరుకుగా ఉండేవారు, స్ట్రెప్ గొంతు నొప్పులు విపరీతం. చార్లెస్ రామెల్‌క్యాంప్ బృందం అక్కడ ట్రయల్ పెట్టి 1950లో ఫలితాలు ప్రచురించింది. పెనిసిలిన్ ఇచ్చిన 798 మందిలో ఇద్దరికి రుమాటిక్ జ్వరం వచ్చింది, ఇవ్వని 804 మందిలో 17 మందికి వచ్చింది. గొంతు నొప్పికి సరిగ్గా వైద్యం చేస్తే గుండె జబ్బును ఆపొచ్చని అలా తేలింది. ఇప్పటి నియమాల ప్రకారమైతే మందివ్వని ఆ 804 మంది గుంపుకి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

అయితే గొంతు నొప్పి రాగానే డాక్టర్ దగ్గరికెళ్లేవాళ్లు ఎందరు? ఒకసారి జ్వరం వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ, వచ్చిన ప్రతిసారీ వాల్వు ఇంకాస్త పాడవుతుంది. అందుకని ఒకసారి వచ్చినవాళ్లని ఏళ్ల తరబడి కాపాడాలన్న ఆలోచన వచ్చింది. బెంజాథిన్ పెనిసిలిన్ (పెనిడ్యూర్ అంటే ఇదే) ఆ పనికి కుదిరింది. కండలో వేస్తే నెమ్మదిగా కరుగుతూ వారాలపాటు రక్తంలో ఉంటుంది. న్యూయార్క్ దగ్గర ఇర్వింగ్టన్ హౌస్‌లో జీన్ స్టోలర్మన్ 1952లోనే దీని గురించి రాశాడు. అదే చోట అయిదేళ్లపాటు పిల్లల్ని గమనించి 1964లో ఇచ్చిన లెక్క ఇది: జ్వరం తిరగబెట్టడం ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి 100 మందికి 0.4, పెనిసిలిన్ బిళ్లలు మింగినవాళ్లలో 5.5. బిళ్లలు పని చెయ్యవని కాదు, రోజూ మింగడం ఎవరివల్లా కాదు. నాలుగు వారాల బదులు మూడు వారాలకి వేస్తే ఇంకా మెరుగని తైవాన్‌లో పన్నెండేళ్లు సాగిన అధ్యయనం 1994లో తేల్చింది. మన ప్రిస్క్రిప్షన్ల మీద కనపడే '21 రోజులు' వెనక ఉన్న లెక్కల్లో ఇదొకటి.

ఏడాదికి 17 ఇంజెక్షన్లు. వాల్వు దెబ్బ మిగిలిపోయినవాళ్లకి కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు దాకా, ఏది ఎక్కువైతే అంతవరకు. పదేళ్ల పిల్లకి మొదలుపెడితే ఐదొందలు దాటుతాయి. అదీ సున్నపు నీళ్లలా చిక్కటి మందు. సూదిలో అడ్డుపడుతుంది, వేశాక రెండు రోజులు కూర్చోలేరు. మానేసిన తల్లిని 'అవగాహన లేదు' అని తేల్చేసే డాక్టర్లను చూస్తే నాకు విసుగే. ఆమె ముందు పెట్టింది ముప్పై ఏళ్ల పని.

రియాక్షన్ భయం సంగతి వేరు. పెనిసిలిన్‌కి అలెర్జీ ఉన్న మాట నిజం, అరుదుగా ప్రాణమూ పోతుంది. ఎంత అరుదు? 1991లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మందికి 32,430 ఇంజెక్షన్లు వేశారు. 57 మందికి ఏదో ఒక అలెర్జీ, నలుగురికి అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే అలెర్జీ), ఒక్క మరణం. మన దగ్గర ఒక్క చావు కబురు వింటే చుట్టుపక్కల క్లినిక్కులన్నీ ఏళ్ల తరబడి పెనిడ్యూర్ ముట్టుకోవు. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇంకో సంగతి చెప్పింది. ఇంజెక్షన్ తర్వాత జరిగిన మరణాల్లో కొన్ని అలెర్జీ వల్ల కావనీ, వాల్వు బాగా పాడైనవాళ్లు నొప్పికీ భయానికీ బీపీ పడిపోయి తట్టుకోలేకపోయి ఉంటారనీ దాని సారాంశం. అలాంటివాళ్లకి బిళ్లలు ఇవ్వమనీ, మిగతావాళ్లకి ఏదైనా తిని నీళ్లు తాగాక, పడుకోబెట్టి వెయ్యమనీ చెప్పింది. చేతి మీద టెస్ట్ డోస్ వేసి అంతా అయిపోయిందనుకునే మన అలవాటులో ఈ జాగ్రత్తలకి చోటు లేదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా డెల్టాలో ఉంది. కాళ్ల నొప్పులన్న పిల్లకి ఏఎస్‌ఓ టెస్టు రాస్తారు. ఆ టెస్టు చెప్పేది ఈమధ్య స్ట్రెప్ ఇన్ఫెక్షన్ వచ్చిందని మాత్రమే. బడికెళ్లే పిల్లల్లో చాలామందికి అది పెరిగే ఉంటుంది. ఆ ఒక్క కాగితం చూసి ఏళ్ల తరబడి పెనిడ్యూర్ వేయించుకున్నవాళ్లున్నారు. అమెరికా వైద్యుడు జోన్స్ 1944లో లక్షణాలన్నీ కలిపి చూడమని ప్రమాణాలు పెట్టింది ఇలాంటివి జరగకుండానే. 2015లో వాటిని సవరించినప్పుడు మనలాంటి ప్రాంతాలకి విడిగా గీత గీశారు. జబ్బు ఎక్కువున్న చోట ఒక్క కీలు వాచినా, పలు కీళ్లు నొప్పిగా ఉన్నా లెక్కలోకి తీసుకోవాలి, స్టెతస్కోప్‌కి గుండె చప్పుడు మామూలుగా ఉన్నా ఎకో (గుండె స్కాన్) చెయ్యాలి.

స్టెరాయిడ్ల కథ క్లుప్తంగా చెప్పేస్తాను. కార్టిసోన్‌తో కీళ్లవాతం రోగులు లేచి నడిచారన్న వార్త 1949లో ప్రపంచాన్ని ఊపేసింది, మరుసటి ఏడాదే ఫిలిప్ హెంచ్‌కి నోబెల్ వచ్చింది. రుమాటిక్ జ్వరంలో గుండెనీ కాపాడుతుందని ఆశపడి బ్రిటన్, అమెరికా కలిసి ట్రయల్ చేశాయి. 1955 నాటి ఫలితం: గుండె విషయంలో ఆస్పిరిన్ కన్నా మెరుగేమీ కాదు.

వాల్వు పాడయ్యాక ఏం చేశామన్నది వేరే పెద్ద కథ. డెల్టా నుంచి ఒక తరం వెల్లూరు వెళ్లింది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసులో దిగి, అక్కణ్ణించి కాట్పాడి. అక్కడ సీఎంసీలో స్టాన్లీ జాన్ బృందం 3,724 మందికి చేసిన క్లోజ్డ్ మైట్రల్ వాల్వాటమీ (కుదించుకుపోయిన వాల్వును తెరిచే ఆపరేషన్) ఫలితాలను 1983లో ప్రచురించింది. 1980లలోనే జపాన్ వైద్యుడు ఇనోవే బెలూన్‌తో వాల్వు తెరిచే పద్ధతి తెచ్చాడు. 1990లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన వాల్వు మొదటిసారి మనిషికి అమర్చారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆ ఏడాది చివరికి గోదావరి జిల్లాలకీ చేరాక, తెల్ల కార్డున్న ఇంటి పిల్లకి కూడా వాల్వు ఆపరేషన్ అందుబాటులోకొచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ఎందరో బతికారు. అయితే ప్యాకేజీ రేటు ఆపరేషన్‌కి ఉంటుంది, మూడు వారాలకొకసారి కొన్ని రూపాయల సూది వేసే నర్సమ్మకి ఉండదు. ఆస్పత్రులు దేనికి సిద్ధమయ్యాయో చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల దగ్గర ఈ లోటు బాగా బయటపడుతుంది. ఇంజెక్షన్ సంగతి తెలిస్తే సంబంధం తప్పిపోతుందని పెళ్లి ముందు మానిపించేస్తారు. గర్భం వచ్చాక రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. కుదించుకుపోయిన వాల్వు దాన్ని తట్టుకోలేదు. ఆరేడు నెలలకి ఆయాసంతో ఆస్పత్రికి వస్తే అప్పుడు మొదటిసారి ఎకో తీస్తారు.

డెల్టాలో పరిశోధన లేదని కాదు. ఉభయ గోదావరుల్లోని 45 గ్రామాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ 2006లో ఇచ్చిన లెక్కలు దేశమంతా చర్చకొచ్చాయి. పల్లెల్లో మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని అది చూపించింది. దాంతో అందరి దృష్టి బీపీ, షుగర్, హార్ట్ ఎటాక్‌ల మీదికి మళ్లింది. అది అవసరమే. కానీ పెద్దవాళ్ల జబ్బుల లెక్కలో బడిపిల్లల వాల్వు జబ్బు వెనక్కిపోయింది. ఐసీఎంఆర్ 2000 తర్వాత జై విజ్ఞాన్ మిషన్ కింద ఈ జబ్బు మీద పని చేయించింది గానీ, దాని కేంద్రాలు చండీగఢ్, వెల్లూరు లాంటి చోట్ల ఉన్నాయి.

2007లో కంబోడియా, మొజాంబిక్ బడుల్లో చేసిన అధ్యయనం లెక్కలనే మార్చేసింది. స్టెతస్కోప్‌తో చూస్తే వెయ్యికి ఇద్దరు పిల్లల్లో దొరికిన జబ్బు, ఎకోతో చూస్తే కంబోడియాలో 21.5, మొజాంబిక్‌లో 30.4. మన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఈ జబ్బును తన జాబితాలో పెట్టుకుంది, కానీ బడికొచ్చే బృందం చేతిలో ఉండేది ఇప్పటికీ స్టెతస్కోపే. ఎకోలో మాత్రమే కనపడే తొలిదశ జబ్బుకి మందిస్తే లాభమా అన్న ప్రశ్నకి ఉగాండాలో 818 మంది పిల్లలతో చేసిన ట్రయల్ జవాబిచ్చింది. రెండేళ్లలో జబ్బు ముదిరినవాళ్లు పెనిసిలిన్ తీసుకున్న గుంపులో 0.8 శాతం, తీసుకోని గుంపులో 8.2 శాతం. వాడింది అదే బెంజాథిన్, నాలుగు వారాలకొకసారి. ఉగాండా బృందం పిల్లలకి తోటివాళ్ల గుంపులు కట్టి, ఇంజెక్షన్ తేదీలు గుర్తుచేసి, తప్పకుండా చూసుకుంది. మనం అరువు తెచ్చుకోవాల్సింది ఆ ఏర్పాటు అని నా అభిప్రాయం. ఆశా కార్యకర్తలున్నారు, ఇంజెక్షన్ చెయ్యగల ఏఎన్ఎంలున్నారు, పీహెచ్‌సీలో రియాక్షన్‌కి వేసే అడ్రినలిన్ ఉంటుంది. రియాక్షన్ వస్తే నింద ఎవరిదన్న ప్రశ్నకి పై అధికారి సంతకంతో ఒక కాగితం ఇస్తే చాలామంది నర్సులు ముందుకొస్తారు.

మందు విషయానికొస్తే, చైనా చౌక సరుకు ముందు నిలవలేక దేశంలో దాని ముడిసరుకైన పెనిసిలిన్-జి తయారీ దాదాపు ఆగిపోయింది. ఏళ్ల తర్వాత 2024లో అది మళ్లీ మొదలైంది కాకినాడ దగ్గరే, తొండంగి మండలంలో. ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యమున్న ఫ్యాక్టరీ అది. అలాంటి సరుకులో ఎక్కువ భాగం అమాక్సిసిలిన్ లాంటి మందుల ముడిసరుకుగా పోతుంది, పెనిడ్యూర్‌కి కావలసింది అందులో పిసరంత. కోనసీమ పీహెచ్‌సీలో ఆ వయల్ ఉంచమని ఇండెంట్ పెట్టాల్సింది జిల్లా వైద్యాధికారి కార్యాలయం.