చందమామ వేరు, ఫోన్ వేరు: పిల్లల తిండిపై అపోహలు - వాస్తవాలు

మా ఓపీలో కుర్చీలో కూర్చోకముందే తల్లులు అనే మాట: "ఏమీ తినట్లేదు మేడమ్." ఆ ఏమీ తినని బుడ్డోడు ఈలోపు నా స్టెతస్కోపు లాగి, బల్లెక్కి, బరువు తూచే మిషన్ మీద నుంచి రెండుసార్లు దూకేస్తాడు. తిననివాడికి ఇంత ఓపిక ఎక్కడిదమ్మా అంటే "అది వేరే మేడమ్" అంటారు. పిల్లల డాక్టరుగా పదిహేనేళ్లుగా వింటున్న ఇలాంటి మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: ఏడాది వరకు బాగానే తిన్నాడు. ఆ తర్వాత మానేశాడంటే ఏదో జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: 3 కిలోలతో పుట్టిన బిడ్డ బరువు అయిదో నెలకు రెట్టింపవుతుంది, మొదటి పుట్టినరోజు నాటికి 9 కిలోలు దాటుతుంది. మొదటి ఏడాదే 6 కిలోలన్నమాట. రెండో ఏడాది మొత్తం కలిపి రెండున్నర కిలోలకు కాస్త అటూ ఇటూ. ఆపైన ఏటా సుమారు 2 కిలోలే. పెరిగే వేగం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గింది. స్లాబు వేసే రోజు పట్టినంత సిమెంటు ఇంటికి రంగులేసే రోజు పట్టదు కదా! పైగా అప్పుడే నడక వచ్చి ఉంటుంది. బోర్లించాల్సిన డబ్బాలు ఇంటినిండా ఉండగా కంచం ముందు ఎందుకు కూర్చుంటాడు?

అపోహ: పక్కింటి పాప బొద్దుగా ఉంది, మాది పుల్లలా ఉంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన చార్టుల ప్రకారం రెండేళ్ల ఆడపిల్ల 9 కిలోలున్నా, 14 కిలోలున్నా మామూలు పరిధిలో ఉన్నట్టే. మేం చూసేది చార్టులో బిడ్డ బరువులు కలిపి గీసిన గీత పైకి వెళ్తోందా లేదా అని. గీత కిందికి వాలితే ఆలోచిస్తాం. పక్కింటి పాప గీతతో మాకు పనిలేదు.

అపోహ: ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగదు. మా రోజుల్లో చందమామను చూపించి పెట్టలేదా? ఇదీ అంతే.

వాస్తవం: ఈ రెండో వాక్యం అమ్మమ్మలది. మొదటిసారి విన్నప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆలోచించండి. చందమామ తనంతట తాను ఏమీ చెయ్యదు. మాట్లాడాల్సింది అమ్మమ్మే. "అదిగో, మబ్బు చాటుకెళ్లాడు, నువ్వు ఆఁ అంటే వస్తాడు" అని ఆమె అంటుంది, బిడ్డ ఆమె మొహం చూస్తాడు, నోరు తెరుస్తాడు, నమిలి మింగేదాకా ఆమె ఆగుతుంది. ఇక చాలని తల తిప్పేస్తే ఆమెకు తెలుస్తుంది. ఫోన్ ముందు బిడ్డ కళ్లు బొమ్మ మీద, తల్లి కళ్లు గిన్నె అడుగు మీద. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఏం తిన్నాడో వాడికి తెలియదు, కడుపు నిండిందన్న కబురూ అందదు. నమలకుండా బుగ్గన పెట్టుకునే పిల్లల సంగతి అడిగితే, ఫోన్ మాట తరచూ బయటికొస్తుంది.

రెండేళ్లలోపు పిల్లలకు దూరంగా ఉన్నవాళ్లతో వీడియో కాల్ తప్ప స్క్రీన్ వద్దనే భారత పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, అదీ అన్నం దగ్గర కాదు. డాలస్‌లో ఉన్న నాయనమ్మతో వీడియో కాల్‌కు అభ్యంతరం లేదు. ఆమె మనవడితో మాట్లాడుతుంది కదా.

ఫోన్ ఆపిన మొదటి నాలుగైదు రోజులు ఏడుపే. రెండు పూటలు సరిగ్గా తినకపోవచ్చు కూడా. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దానివల్ల నష్టం లేదు. అన్నిటికంటే కష్టం, తింటూ నాన్న చూసుకునే ఫోన్‌ను పక్కన పెట్టించడం.

అపోహ: అన్నం తినకపోతేనేం, పాలు తాగుతున్నాడుగా.

వాస్తవం: రోజుకు లీటరు పాలు తాగే రెండేళ్లవాడికి అన్నం ఎక్కడ పడుతుంది? పాలలో ఐరన్ చాలా తక్కువ, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా కూడా అడ్డుపడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఏడాది దాటాక రోజుకు అర లీటరు లోపు చాలు. పప్పు, తోటకూర, గుడ్డు, తినేవాళ్లయితే మాంసం పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. రక్తం పడుతుందని బెల్లం ముక్కలు పెడితే మాత్రం పళ్లు పాడవుతాయి.

అపోహ: ఆకలి సిరప్ రాయండి.

వాస్తవం: మందుల షాపులో అడగ్గానే ఇచ్చే సిరప్‌లు చాలావరకు సిప్రోహెప్టాడిన్. అది నిజానికి అలర్జీ మందు. మత్తుగా ఉంటుంది, ఆకలీ కాస్త పెరుగుతుంది. ఆపగానే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పాలల్లో కలిపే పొడుల గురించి ఒక్క మాట. మన ఆహార చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులను ఇలాంటి పానీయాలను ఆ పేరు కింద చూపొద్దని చెప్పింది. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి.

అపోహ: దిష్టి తగిలింది.

వాస్తవం: తీయండి, పోయేదేముంది. పనిలో పనిగా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేయించండి.

అపోహ: బతిమాలో, భయపెట్టో తినిపించకపోతే పస్తుంటాడు.

వాస్తవం: ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చేసిన పని పంపకం నాకు నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలన్నది బిడ్డ పని. మన ఇళ్లలో ఇది తిరగబడింది. ఏం కావాలో బిడ్డను అడుగుతాం, ఎంత తినాలో మనం చెబుతాం. ముక్కు మూసి, ఏడుస్తున్నప్పుడు ముద్ద కుక్కితే అది ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదముంది. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే "వీడికి బీరకాయ పడదు" అని తీర్పు ఇచ్చేయకండి. పది పన్నెండుసార్లు కంచంలో కనబడ్డాక తినే పిల్లలు బోలెడు. అన్నం మెత్తగా కలిపి ఓ మూల పెట్టండి, చేత్తో కెలుక్కోనివ్వండి. ఇంట్లో అందరూ తినేటప్పుడే వాణ్నీ కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలయ్యాక కంచం తీసేయండి, తిట్లూ వద్దు, తర్వాత బిస్కెట్లూ వద్దు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు? బరువు తగ్గుతున్నా, మూడు నెలలుగా ఏమీ పెరగకపోయినా, మన్ను, సున్నం తింటున్నా, మింగేటప్పుడు దగ్గుతున్నా, మూడు నాలుగు రకాలు తప్ప ఏదీ ముట్టకుండా, పైగా పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోయినా వెంటనే రండి. వచ్చేటప్పుడు పుట్టినప్పటి నుంచి బరువులు రాసిన టీకాల కార్డు తెచ్చుకోండి. చాలామంది దాన్ని బీరువాలో భద్రంగా దాచి, ఒట్టి చేతులతో వస్తారు.