టీనేజర్లు పక్కకు నెట్టిన ప్లేటు: బడి భోజనం వెనక వందేళ్ల కథ

బడి భోజనం మీద చర్చ ఎక్కడ మొదలైనా పదమూడు దాటిన పిల్లల దగ్గరికొచ్చి ఆగుతోంది. చిన్నపిల్లలు పెట్టింది తింటారు. పెద్దపిల్లలు ప్లేటు పక్కకు నెట్టి బ్యాగులోంచి చిప్స్ ప్యాకెట్ తీస్తారు. మొండితనం అని కొట్టిపారేయడం సులువే. కానీ ఈ పథకాలు పుట్టినప్పుడు ఆ వయసు వాళ్లను లెక్కలోకి తీసుకున్నవాళ్లు దాదాపు లేరు.

బ్రిటన్‌లో దీనికి మూలం యుద్ధంలో ఉంది. 1899–1902 మధ్య దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరదామని వచ్చిన యువకుల్లో చాలామంది ఒంట్లో సత్తువ చాలక వెనక్కి వెళ్లారు. ప్రభుత్వానికి కంగారు పుట్టింది. కమిటీ వేశారు, 1904లో నివేదిక వచ్చింది, 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇస్తూ చట్టం చేశారు. పెట్టి తీరాలని మాత్రం అనలేదు. మరుసటి ఏడాది బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో రాల్ఫ్ క్రౌలీ అనే వైద్యాధికారి కొందరు పేద పిల్లలకు పొద్దున, మధ్యాహ్నం తిండి పెట్టించి బరువు తూచుతూ వచ్చారు. బల్లల మీద గుడ్డలు పరిచి పూలు కూడా పెట్టించారు. తిన్న పిల్లల బరువు మిగతావాళ్ల కంటే వేగంగా పెరిగింది. సెలవులిచ్చి భోజనం ఆపగానే తగ్గింది. ఇంతకంటే సూటిగా రుజువు చేయడం కష్టం. అయితే ఆ రోజుల్లో పేదింటి పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకే బడి మానేసి పనిలో చేరేవాళ్లు. టీనేజర్ అనేవాడు ఆ బల్ల దగ్గరికి వచ్చే అవకాశమే తక్కువ.

అమెరికాలో 1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన జాతీయ బడి భోజన చట్టం రెండు పనులను ఒకేసారి తలకెత్తుకుంది: పిల్లల ఆరోగ్యం కాపాడడం, దేశంలో పండిన పంటకు గిరాకీ పెంచడం. 1930ల ఆర్థిక మాంద్యంలో అమ్ముడుపోని సరుకును బడులకు పంపే అలవాటు అప్పటికే ఉంది. అందుకే మెనూ రాసేటప్పుడు పిల్లల ఇష్టం కంటే గోదాములో ఏముందన్నది పెద్ద ప్రశ్న అయ్యేది.

పెద్దపిల్లలు తినడం లేదన్న సంగతి అమెరికా చట్టంలోకి ఎక్కింది 1975లో. హైస్కూల్ విద్యార్థులు పెట్టిన ఐదు పదార్థాలూ తీసుకోనక్కర్లేదు, మూడు చాలు అని సవరించారు. చెత్తబుట్టలోకి పోయేది తగ్గించడమే దాని ఉద్దేశం. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా సమస్య ఆకలి. ఆ తర్వాత సమస్య ఎంపిక.

ఆ ఎంపికను పట్టుకోవడంలో ప్రభుత్వాల కంటే కంపెనీలు చురుగ్గా ఉన్నాయి. 1980లో బ్రిటన్ బడి భోజనానికి ఉన్న పోషక ప్రమాణాలను ఎత్తేసింది, చాలా హైస్కూళ్లలో నచ్చింది కొనుక్కునే క్యాంటీన్లు వచ్చాయి. 1981లో అమెరికా ఖర్చు తగ్గించుకునే క్రమంలో టమాటా కెచప్‌ను కూరగాయ కింద లెక్కేసే దారి తెరవబోయి, నవ్వులపాలై వెనక్కి తగ్గింది. 1990లకు వచ్చేసరికి అక్కడ నిధులు చాలని బడులు కూల్‌డ్రింక్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుని వరండాల్లో అమ్మకం మిషన్లు పెట్టించాయి. ఒకే భవనంలో ఒక మూల పోషకాహార పాఠం, ఇంకో మూల సోడా!

దిద్దుబాటు మొదలయ్యాక ఎదురుదెబ్బలూ తగిలాయి. 2005లో వంట నిపుణుడు జేమీ ఆలివర్ టీవీలో బడి తిండి మీద రేపిన దుమారం తర్వాత ఇంగ్లండ్ నిబంధనలు బిగించింది. మరుసటి ఏడాది రోథర్‌హామ్ దగ్గర ఒక హైస్కూల్ మధ్యాహ్నం పిల్లల్ని బయటికి వదలడం మానేసి, మెనూ మార్చింది. కొందరు తల్లులు కంచె దగ్గర నిలబడి ఆర్డర్లు తీసుకుని బర్గర్లు, చిప్స్ ఊచల మీదుగా అందించారు. పత్రికలు వాళ్లను ఆడిపోసుకున్నాయి. మధ్యాహ్నం పూట పిల్లలు ఖాళీ కడుపుతో ఉంటున్నారన్న వాళ్ల మాట మాత్రం ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

అమెరికాలోనూ అదే తంతు. 2010లో వచ్చిన బడి భోజన చట్టం ప్రకారం 2012 నుంచి ప్రతి ప్లేటులో పండో కూరగాయో ఉండాలి, హైస్కూల్ భోజనం 850 కేలరీలు దాటకూడదు. కడుపు నిండడం లేదని క్రీడలాడే పిల్లలు వీడియోలు తీసి పెట్టారు. ఆ ఏడాది చివర్లోనే ధాన్యం, మాంసం మీద గరిష్ఠ పరిమితిని సడలించారు. అలాగని చట్టం విఫలమైందనలేం. ఆహార నాణ్యతను వందకు లెక్కగట్టే సూచీలో అక్కడి బడి భోజనం 2009–10లో 58 దగ్గర ఉంటే 2014–15కి 82 దగ్గరికి చేరింది.

గొడవ తక్కువగా నడిచిన చోట్ల భోజనం చదువులో భాగమైంది. ఫిన్లాండ్‌లో 1943 నాటి చట్టం 1948కి పూర్తిగా అమలై, బడిపిల్లలందరికీ ఉచిత భోజనం వచ్చింది. ఇప్పుడు ఉన్నత మాధ్యమిక తరగతుల వాళ్లకూ ఉంది. జపాన్‌లో పిల్లలే తెల్ల కోట్లు వేసుకుని తోటివాళ్లకు వడ్డిస్తారు, టీచరూ వాళ్లతోనే తింటారు. 2005 నుంచి పోషకాహారానికి ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. అయితే జపాన్ ఏర్పాటు ప్రధానంగా పదిహేనేళ్ల దాకానే. భారత్‌లో కేంద్ర పథకం 8వ తరగతితోనే ఆగుతుంది.

ఈమధ్య పరిశోధకులు వేరే వైపు నుంచి వచ్చారు. ‘ఇది తింటే ఆరోగ్యం’ అని చెప్పడం మానేసి, జంక్‌ఫుడ్ కంపెనీలు మిమ్మల్ని ఎలా బుట్టలో వేస్తున్నాయో చూడండని అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించారు. పెద్దవాళ్లను ధిక్కరించే వయసు కదా, ఆ ధిక్కారాన్ని కంపెనీల మీదికి మళ్లించారు. 2016లో వెలువడిన ఫలితాల్లో ఆ పిల్లలు జంక్ స్నాక్స్ తక్కువగా ఎంచుకున్నారు. 2019 నాటి అధ్యయనంలో క్యాంటీన్ కొనుగోళ్లలో ఆ మార్పు మూడు నెలలు నిలిచింది. కాకపోతే మార్పు ప్రధానంగా అబ్బాయిల్లోనే కనిపించింది. నెలసరి మొదలయ్యాక ఐరన్ అవసరం పెరిగే అమ్మాయిల విషయంలో, రక్తహీనత ఎక్కువగా ఉన్న చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు ఇప్పటికీ ఐరన్ మాత్రలే.