బర్గర్: మా కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, వాస్తవాలు

కొండాపూర్‌లో చిన్న బర్గర్ కిచెన్ నడుపుతున్నాను. ఎనిమిది కుర్చీలు, రెండు పెనాలు, నాతో కలిపి ఐదుగురం. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో చాలామందికి తెలిసిన బర్గర్లు రెండే. ఒకటి మాల్ ఫుడ్ కోర్టులో దొరికేది, రెండోది బేకరీ గాజు అల్మారాలో పొద్దుటి నుంచీ ఉండే కట్లెట్ బన్ను. ఇవాళ జూబ్లీహిల్స్ నుంచి కోకాపేట దాకా, అటు సైనిక్‌పురిలో కూడా, కీమా దగ్గరుండి కొట్టించుకుని, సాసులు సొంతంగా చేసుకునే వంటగదులు వచ్చాయి. తినేవాళ్లు పెరిగారు. వాళ్లతో పాటు అపోహలూ పెరిగాయి. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కొక్కరికి చెప్పేంత టైమ్ దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "అన్నా, రెండు బన్ను ముక్కల మధ్య కట్లెట్టే కదా, దానికి నాలుగు వందలా?"

వాస్తవం: మా మటన్ బర్గర్ ధర 420 రూపాయలు. అందులో పడే 120 గ్రాముల కీమాకే 130 దాకా అవుతుంది. బన్ను, చీజ్, ఉల్లిపాయ, సాసు, డబ్బా కలిస్తే సరుకు ఖర్చే 200కి చేరుతుంది. ఆర్డర్ యాప్‌లో వస్తే దాదాపు నాలుగో వంతు కమిషన్ కింద పోతుంది. మిగిలిన దాంట్లోంచే అద్దె, జీతాలు, గ్యాస్, కరెంటు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ బిల్లులో కనిపించే 5 శాతం జీఎస్టీ మొత్తం ప్రభుత్వానికే వెళ్తుంది. మేం దుకాణం అద్దె మీద, ప్యాకింగ్ సరుకు మీద కట్టే జీఎస్టీని అందులోంచి తగ్గించుకునే వీలు మాకు లేదు. అదీ మా ఖర్చులోకే వస్తుంది.

అలాగని ఖరీదైన ప్రతి బర్గరూ మంచిదని నేను అనను. 'గౌర్మే' (ప్రత్యేక శ్రద్ధతో చేసిన మేలైన వంట) అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. పిండి, సోయా కలిపి ఫ్యాక్టరీలో చేసిన ప్యాటీని (బన్ను మధ్య పెట్టే బిళ్లను) డీప్ ఫ్రిజ్‌లోంచి తీసి, పైన ట్రఫుల్ ఆయిల్ (ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు వాసన ఉండే నూనె) చుక్క వేసి 500 తీసుకుంటే అది అన్యాయమే. మార్కెట్లో దొరికే ట్రఫుల్ ఆయిల్‌లో ఎక్కువ భాగం ల్యాబ్‌లో తయారైన సువాసన కలిపిన మామూలు నూనె. ధర అడిగే ముందు "ప్యాటీ ఇక్కడే చేస్తారా, ఎప్పుడు చేశారు?" అని అడగండి. నిజంగా చేసేవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

అపోహ: ప్యాటీ ఎంత లావుగా ఉంటే బర్గర్ అంత గొప్పది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. దోశ అడుగున ఎర్రగా కాలిన చోట రుచి ఎలా ఉంటుందో మీకు తెలుసు. మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి ఆ రంగునూ ఆ వాసననూ పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించిన చర్య అది. దానికి 140 డిగ్రీలు దాటిన వేడి కావాలి. తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. లావు ప్యాటీలో ఎర్రబడేది పైపొర ఒక్కటే, లోపలంతా ఉడికిన కీమా. అందుకే మేం 60 గ్రాముల ఉండలు రెండు తీసుకుంటాం. బాగా కాగిన పెనం మీద ఉండ పెట్టి, పైన బటర్ పేపర్ వేసి, బరువైన ఇనుప దిమ్మతో ఒక్కసారి గట్టిగా అదిమేస్తాం. అంచులు జాలీలాగా పల్చబడతాయి. నిమిషంన్నర ఆగి, పదునైన అట్లకాడతో పెనానికి అంటుకున్న ఆ ఎర్రటి పొర చిరగకుండా గీకి తీస్తే, తిరగేసిన వైపు ముదురు గోధుమ రంగులో మెరుస్తుంది. దాని కోసమే ఇంత కష్టమూ.

"అదిమితే రసమంతా పోతుంది కదా" అంటారు. కీమా చల్లగా, కొవ్వు గట్టిగా ఉన్నప్పుడు, మొదటి అర నిమిషంలోపు అదిమితే పోదు. కొవ్వు కరిగాక అదిమితే పోతుంది. ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువమంది తిరగేశాక నొక్కుతుంటారు. ఆ చుయ్‌మనే శబ్దం మీ బర్గర్ రసం పెనం పాలవుతున్న శబ్దమే.

కీమా గురించి నాకు నేర్పింది ఏ విదేశీ వీడియో కాదు, టోలిచౌకిలో మాంసం కొట్టే ఒక చాచా. మొదట్లో ఖరీదైన భాగమని తొడ మాంసం కొట్టించుకునేవాణ్ని. ప్యాటీలు పొడిపొడిగా, పిడకల్లాగా వచ్చేవి. ఆయన ఒకరోజు పిడికెడు కీమా చేతిలోకి తీసుకుని పిసికి, అరచేయి తెరిచి చూపించాడు. "చూడు బేటా, చేయి పొడిగా ఉంది. చర్బీ ఏదీ?" అన్నాడు. మేక కండలో కొవ్వు చారలు బాగా తక్కువ. మూత్రపిండాల చుట్టూ ఉండే తెల్లటి కొవ్వును విడిగా తీసి, ముక్కలు గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో ఉంచి, కీమాతో కలిపి మిషన్‌లో ఒక్కసారే తిప్పాలి. వందకు ఇరవై పాళ్లు కొవ్వు. అప్పటి నుంచి ఆ లెక్క తప్పలేదు.

మన శికంపూర్ కబాబ్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అందులో కీమాను శనగపప్పుతో ఉడికించి, మెత్తగా నూరి, ముద్ద చేస్తారు. ఆ మెత్తదనమే దాని అందం. బర్గర్‌లో పప్పు వద్దు, గుడ్డు వద్దు, బ్రెడ్ పొడి వద్దు. ఉప్పు కూడా ముందే కలపకూడదు. ఉప్పు పడితే కండలోని మాంసకృత్తులు కరిగి జిగురు వస్తుంది, ప్యాటీ సాసేజ్‌లాగా రబ్బరు రబ్బరుగా అవుతుంది. పెనం మీద పెట్టాక పైన చల్లితే చాలు.

అపోహ: మంచి బర్గర్ లోపల గులాబీ రంగులో, కాస్త పచ్చిగా ఉండాలి.

వాస్తవం: ఇది స్టేక్ గురించి విన్న మాటను బర్గర్‌కి అంటగట్టడం. పెద్ద మాంసం ముక్క మీద బ్యాక్టీరియా ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది, పైన కాల్చితే చచ్చిపోతుంది. కీమా కొట్టినప్పుడు ఆ పైపొర మొత్తం లోపలికి కలిసిపోతుంది. అందుకే కీమా ప్యాటీ లోపల 71 డిగ్రీలు, చికెన్ అయితే 74 డిగ్రీలు రావాలి. రంగును నమ్మకండి. ఒక్కోసారి ఉడికినా గులాబీగా కనిపిస్తుంది, ఉడకకముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. సూది థర్మామీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే తప్పకుండా కొనండి.

అపోహ: "తెలంగాణలో మెయోనీజ్ నిషేధించారు కదా, మీరెలా వేస్తున్నారు?"

వాస్తవం: 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ తర్వాత అదే నెల 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మెయోనీజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాదిపాటు నిషేధించింది. ఆ నిషేధం పెట్టింది పచ్చి గుడ్డు మెయోనీజ్ మీద, మెయోనీజ్ మొత్తం మీద కాదు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. మన ఎండల్లో సాసు డబ్బా ఒక పూట బయట ఉంటే అది ఎంత వేగంగా పెరుగుతుందో వంటవాళ్లందరూ ఆలోచించాల్సిన విషయం. ఆ రోజు వార్త చదివాక మా వంటగదిలో ఎవరికీ అన్నం సహించలేదు. మనం చేసే పని తేడా వస్తే ఒక ఇల్లు ఖాళీ అయిపోతుంది.

మేం మెయోనీజ్‌ను పాలతో చేస్తాం. చల్లటి పాలు ఒక వంతు, నూనె రెండు వంతులు, నిమ్మరసం, ఉప్పు, కాస్త ఆవపొడి. హ్యాండ్ బ్లెండర్ గిన్నె అడుగున ఆనించి, కదపకుండా తిప్పి, చిక్కబడ్డాక నెమ్మదిగా పైకి లేపాలి. పొద్దున చేసింది రాత్రికి మిగిలితే పారబోస్తాం. ఎక్కడ తిన్నా "మెయోనీజ్ గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా?" అని అడగడం మీ హక్కు.

అపోహ: చీజ్ స్లైస్ అంటే ప్లాస్టిక్.

వాస్తవం: ప్రాసెస్డ్ చీజ్ నిజమైన చీజే. కరిగినప్పుడు కొవ్వు, నీరు విడిపోకుండా సోడియం సిట్రేట్ లాంటి లవణాలు కలుపుతారు. బాగా ముదిరిన చెడార్ రకం చీజ్ పెనం మీద నూనె కక్కుతుంది, స్లైస్ మాత్రం దుప్పటిలాగా ప్యాటీని కప్పేస్తుంది. బర్గర్‌కి అదే కావాలి. జాగ్రత్తపడాల్సింది చీజ్ అనలాగ్ గురించి. అందులో పాల కొవ్వు బదులు వెజిటబుల్ ఆయిల్ ఉంటుంది. ప్యాకెట్ వెనక చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: నల్ల బన్ను, మల్టీగ్రెయిన్ బన్ను ఆరోగ్యానికి మంచివి.

వాస్తవం: పైన నాలుగు నువ్వులు, అవిసె గింజలు చల్లిన మైదా బన్ను మైదా బన్నే. లేబుల్ మీద పదార్థాలు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాస్తారు, మొదటి పేరు చూడండి. నల్ల బన్నులో యాక్టివేటెడ్ చార్కోల్ (ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు పొడి) వేస్తే అది మందులను కూడా పీల్చుకుంటుంది. విషం తాగినవాళ్లకు ఆస్పత్రిలో ఇచ్చేది ఆ గుణం కోసమే. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

బన్ను దగ్గరే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. మాకు బన్నులు వేసే బేకరీ ఒక వేసవిలో మాకు చెప్పకుండా వెన్న మానేసి వనస్పతి వాడింది. చూడ్డానికి తేడా లేదు. రోజూ పొద్దున ట్రే రాగానే ఒక బన్నును బొటనవేలితో నొక్కి వదిలిపెడతాను, మెల్లగా పైకి లేవాలి. ఆ వారం లేచింది కానీ అంచు చిట్లింది. తింటే అంగిలికి మైనంలా ఏదో అంటుకుంది. వెన్న నోటి వేడికి కరిగిపోతుంది, వనస్పతి అంత తేలిగ్గా కరగదు. అడిగితే ఒప్పుకున్నారు. ఆ పది రోజులు మా దగ్గర తిన్నవాళ్లకు నేను పెట్టింది నేను చెప్పిన బన్ను కాదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు బంగాళదుంప కలిపిన బన్ను మేమే చేసుకుంటున్నాం. దుంపలోని పిండి నీటిని పట్టి ఉంచుతుంది, సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది.

అపోహ: హామ్‌బర్గర్ అంటే పంది మాంసం.

వాస్తవం: కాదు. ఇంగ్లీషులో 'హామ్' అంటే పంది మాంసం కాబట్టి అలా అనిపిస్తుంది, కానీ జర్మనీలోని హాంబుర్గ్ నగరం పేరు మీద వచ్చిన మాట అది.

అపోహ: వెజ్ బర్గర్ అంటే మాంసం బర్గర్‌కి పేద చుట్టం, దానికి పెద్ద పనేం ఉండదు.

వాస్తవం: నా అనుభవంలో వెజ్ ప్యాటీయే కష్టం. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడే గొడ్డు మాంసం, పంది మాంసం లేని మెనూతో వచ్చింది. ఆ తర్వాత ఆలూ టిక్కీయే ఈ దేశంలో ఎంతోమందికి మొదటి బర్గర్ అయింది. కానీ మెత్తటి బన్నులో మెత్తటి ఆలూ పెడితే పంటికి పని ఉండదు. మేం చాలా ప్రయత్నాల తర్వాత అమ్మ చేసే బొబ్బర్ల వడ దగ్గర ఆగాం. నానిన బొబ్బర్లను నీళ్లు పోయకుండా బరకగా రుబ్బి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలిపి, అరచేతి వెడల్పున తట్టి వేయిస్తాం. పైన కరకర, లోపల పప్పు పలుకు. కింద గోంగూర చట్నీ పల్చగా. మా దగ్గర ఆదివారాలు అన్నిటికంటే ముందు అయిపోయేది ఇదే. దీనికి పెనం వేరు, మూకుడు వేరు, అట్లకాడ వేరు. అడగడానికి మొహమాటపడకండి, వచ్చి చూడండి.

నూనె సంగతి కూడా చెప్పాలి. వాడిన నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి పాడైనప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 నుంచి దేశమంతా నిబంధన ఉంది. కొలిచే మీటర్ లేని చోట కూడా నూనె నల్లబడి, నురగ కట్టి, వేయించే ముందే పొగ వస్తుంటే తెలిసిపోతుంది. కౌంటర్ అవతలి నుంచి మీకూ ఆ వాసన వస్తుంది. అలాంటి చోట ఫ్రైడ్ చికెన్ బర్గర్ ఆర్డర్ ఇవ్వకండి.

అపోహ: దుకాణంలో తిన్నా, యాప్‌లో తెప్పించుకున్నా అదే బర్గర్.

వాస్తవం: కాదు. పెనం మీది నుంచి దిగిన పది నిమిషాలకే ప్యాటీలోంచి వచ్చే ఆవిరి బన్నును తడిపేస్తుంది. మియాపూర్ నుంచి ఒకాయన వానలో ఆర్డర్ పెట్టారు. చేరడానికి 50 నిమిషాలు పట్టింది. "బాబూ, బన్నును చెంచాతో తినాల్సి వచ్చింది" అని ఫోన్ చేశారు. డబ్బులు తిరిగి ఇచ్చాను, కానీ నిద్ర పట్టలేదు. ఆ తర్వాత డబ్బా మూతకు రెండు పక్కలా రంధ్రాలు పెట్టించాం, సాసు విడిగా ఇస్తున్నాం, బన్ను లోపలి వైపులు వెన్నతో ఎర్రగా కాల్చి పంపుతున్నాం. కాలిన ఆ పొర తడిని కాసేపు ఆపుతుంది. ఐదు కిలోమీటర్లు దాటితే ఆర్డర్ తీసుకోవడం మానేశాం.

మీ ఇంటికి వచ్చిన బర్గర్ మెత్తబడి ఉంటే విడదీయండి. పొడి పెనం మీద సన్నటి సెగన బన్ను లోపలి వైపు ఒక నిమిషం, ప్యాటీ మూతపెట్టి రెండు నిమిషాలు వేడి చేసి, అప్పుడు సాసు రాసి మళ్లీ పేర్చుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు. బన్ను ముందు మెత్తబడి, ప్లేటులోకి వచ్చిన రెండు నిమిషాలకే తోలులా సాగుతుంది.